సంతకమునకు ముందొక సలహా

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున గావింపబడిన ఉపన్యాసపాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున కావ్యములను గూర్చియో, పురాణములను గూర్చియో ప్రసంగించుట వాడుక. ఈనాటి ప్రసంగమునకు విషయము ఒక కాగితము. అది ఏ బీరువాలోను ఉండదు. ఒకటి రెండు పుటలకు మించదు. అయినను పది సంవత్సరముల కష్టార్జితమును ఒక్క సంతకముతో కాజేయగల శక్తి దానికున్నది. పనినుండి తొలగు సమయమున యజమాని పనివాని ముందుంచు ఒప్పందపత్రమే ఆ కాగితము. కచేరీలలో దానిని సెటిల్‌మెంటు అందురు. పనివారు లెక్క తేల్చుకొనుట అందురు. ఆ పత్రముపై సంతకము చేయుటకు పూర్వము న్యాయశాస్త్రము తెలిసినవానిని ఎచ్చట వెదకవలెను, ఎట్లు ఎంచుకొనవలెను, ఏమి అడుగవలెను అను మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

పలాస మొదలు ఇచ్ఛాపురము వరకు సముద్రతీరమున వ్యాపించిన నేలకు ఉద్దానమని పేరు. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస ఈ నేలకు సొమ్ములు. పలాస-కాశీబుగ్గలలో జీడిపిక్కలను కాల్చియో, ఉడికించియో, పగులగొట్టి, పొట్టు తీసి, పప్పును రకములుగా ఏరి దేశదేశములకు పంపుదురు. ఆ పనిలో అధికభాగము స్త్రీల చేతులమీదుగా జరుగును. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఈ ప్రాంతముననే తీరము దాటి, తరముల నుండి పెంచిన తోటలను నేలగూల్చినది. దానికి ముందునుండియే మూత్రపిండముల వ్యాధి ఈ ఊళ్లను పీడించుచున్నది. తోట పోయినవారికి కూలియే ఆధారము. వ్యాధి వచ్చినవారికి ఆ కూలియు నిలువదు. కావుననే పని మానునప్పటి లెక్క ఇతర ప్రాంతములకంటె ఉద్దానమున మరింత బరువైన విషయము.

ఒక దృష్టాంతమును ఊహింపుడు. ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో ఎనిమిది సంవత్సరములు పొట్టు తీసిన తల్లి ఒకతె కలదనుకొనుడు. ఆమెకు నెలజీతము లేదు. కిలోల లెక్కన కూలి. ఇంటిలో భర్తకు వ్యాధి. వారమునకు రెండుసార్లు రక్తశుద్ధి చేయింపవలెను. ఒక సాయంకాలము గుమాస్తా ఆమెను పిలిచి, 25,000 రూపాయలను, వ్రాసియున్న ఒక కాగితమును బల్లమీద నుంచును. "ఇందల ఏటి రాసుంది బాబూ?" అని ఆమె అడుగును. "ఏటీ లేదమ్మా, డబ్బు ముట్టినట్టు రసీదు. ఇక్కడ ఏలిముద్ర ఎట్టీ, చాలు" అని అతడనును. ఆ రాత్రి ఇంటికి మందులు కావలెను. ఆమె వ్రేలిముద్ర వేయును.

ఆ కాగితమున మూడు వాక్యములు మాత్రమే ఉన్నవనుకొనుడు. సొంత కారణములవలన పనికి రాజీనామా ఇచ్చితిననునది మొదటిది. రావలసిన సొమ్మంతయు ముట్టినదనునది రెండవది. ఇకముందు ఏ ఆఫీసునకుగాని, కోర్టునకుగాని పోననునది మూడవది. ఈ మూడు వాక్యములను న్యాయవాది చదివినచో ఏమి చూచునో వరుసగా విచారించుట మంచిది.

మొదటి వాక్యమున ప్రాణము రాజీనామా అను మాటలో ఉన్నది. యజమాని పని లేదని పనివానిని తీసివేసినచో దానిని చట్టము రిట్రెంచిమెంటు అనును. అట్టి సందర్భమున ఒక సంవత్సరము ఎడతెగక పనిచేసినవారికి ఒక నెల ముందుగా నోటీసైనను, దానికి బదులు ఒక నెల జీతమైనను ఇవ్వవలెను. పూర్తియైన ప్రతి సంవత్సరమునకు 15 దినముల సగటు వేతనము నష్టపరిహారముగా చెల్లింపవలెను. ఈ నియమములు 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టమున ఉండెను. ఆ చట్టమునకు బదులుగా 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన 2020 నాటి పారిశ్రామిక సంబంధముల కోడ్‌లోను నిలిచియున్నవి. తొలగింపబడినవారు మరియొక పని నేర్చుకొనుటకై మరి 15 దినముల వేతనమును యజమాని ప్రత్యేకనిధికి జమచేయవలెననియు, ఆ సొమ్ము 45 దినములలో పనివాని ఖాతాలో పడవలెననియు కొత్త కోడ్ విధించినది. పనివాడు తనంతట తానే మానుకొన్నాడని వ్రాసినచో ఇవి యేవియు వర్తింపవు. ఒక్క మాట మారుటచేత లెక్క మారిపోవును.

ఆ లెక్కను అంకెలలో చూడుడు. ఆ తల్లి చివరి మూడు నెలల ఆర్జనను పనిచేసిన దినములతో భాగింపగా దినమునకు సగటున 400 రూపాయలు వచ్చినదనుకొనుడు. కిలోల లెక్కన పనిచేయువారికి గ్రాట్యుటీ ఉండదని కొందరు చెప్పుదురు. అది నిజము కాదు. అట్టివారికి మూడు నెలల సగటును బట్టియే దినవేతనమును కట్టవలెనని చట్టమే చెప్పుచున్నది. సంవత్సరమునకు 15 దినముల చొప్పున 6,000 రూపాయలు. ఎనిమిది సంవత్సరములకు గ్రాట్యుటీ 48,000 రూపాయలు. తొలగింపు నష్టపరిహారము అదే రీతిగా మరియొక 48,000. నెలకు 26 దినముల చొప్పున నోటీసు జీతము 10,400. కొత్త పని నేర్చుటకై 6,000. మొత్తము 1,12,400 రూపాయలు. ఆ సంవత్సరపు బోనసు, మిగిలియున్న సెలవుల జీతము, ప్రావిడెంటు ఫండు ఈ మొత్తములో చేరలేదు. బల్లమీద నుంచిన సొమ్ము 25,000.

ఈ లెక్కకు షరతులు లేకపోలేదు. గ్రాట్యుటీ ఫ్యాక్టరీలకును, పదిమంది లేక అంతకు మించి పనివారున్న ఇతర సంస్థలకును వర్తించును. సామాన్యముగా ఐదు సంవత్సరముల సర్వీసు కావలెను. సంవత్సరమున 240 దినములు పనిచేసినట్లు రుజువుండవలెను. పిక్కల రాకను బట్టి ఋతువుల ప్రకారము నడచు సంస్థలో సంవత్సరము పొడవునను పని లేనివారికి 15 దినములకు బదులు ఋతువునకు ఏడు దినముల చొప్పుననే గ్రాట్యుటీ వచ్చును. తన పని ఏ తరగతికి చెందునో పనివాడు స్వయముగా నిర్ణయించుకొనలేడు. గుమాస్తా నిర్ణయింపరాదు. న్యాయవాదియొక్క అవసరము మొట్టమొదట ఇక్కడనే కలుగుచున్నది.

రెండవ వాక్యము, అనగా సొమ్మంతయు ముట్టినదనునది, చూచుటకు రసీదు వలెనుండును. ఏ పద్దు క్రింద ఎంత ముట్టినదో అందులో లేదు. చట్టమిచ్చిన వేతనమును, బోనసును వదలుకొనుచున్నానని పనివాడు వ్రాసియిచ్చినను ఆ వ్రాత చెల్లదని వేతనముల కోడ్ స్పష్టముగా చెప్పుచున్నది. పని పోయిన రెండు పనిదినములలో వేతనపు బాకీ తీర్చవలెనని కూడ అందులోనే ఉన్నది. మూడవ వాక్యము అంతకంటె బలహీనము. న్యాయస్థానమునకు పోవు హక్కును పూర్తిగా నిషేధించు ఒప్పందము 1872 నాటి కాంట్రాక్టుల చట్టము ప్రకారము ఆ మేరకు చెల్లదు. కావున వ్రేలిముద్ర వేసినంతమాత్రమున సర్వమును పోయినదని నిరాశ పడనక్కరలేదు. కాని చెల్లని వ్రాతను చెల్లదనిపించుకొనుటకు సంవత్సరములు పట్టును. దానిని వ్రాయకుండుటకు ఒక దినము చాలును.

ఉద్దానమునకు ప్రత్యేకముగా సంబంధించిన మరియొక విషయము కలదు. వ్యాధివలన పని మానవలసివచ్చినవారు అనేకులు. అనారోగ్యము విడువక పీడించుటచేత పనినుండి తొలగించినచో 1947 నాటి చట్టమున అది రిట్రెంచిమెంటు క్రిందికి రాకుండెను. ఆ చట్టము క్రింద ఆ నష్టపరిహారము దొరకకుండెను. కాని గ్రాట్యుటీకి కావలసిన ఐదు సంవత్సరముల నియమమును మరణము, అంగవైకల్యము సంభవించినపుడు చట్టము సడలించినది. వైకల్యమనగా కాలుసేతులు విరుగుటయే కాదు. ప్రమాదమువలనగాని, వ్యాధివలనగాని అంతకుముందు చేయగలిగిన పనిని చేయలేని స్థితి కలుగుటయు వైకల్యమే. మూడు సంవత్సరములే పనిచేసి మూత్రపిండముల వ్యాధిచేత కదలలేని స్థితికి వచ్చినవాడు, సొంత కారణములచేత మానుకొంటినని వ్రాసినచో ఈ సడలింపును పోగొట్టుకొనును. వ్యాధివలన మానుకొనుచున్నానని వ్రాసి, వైద్యుని పత్రము జతపరచినచో దానిని కోరుటకు ఆధారముండును. ఈ తేడా ఎరుగక సంతకము చేసినవాని కుటుంబమునకు కలుగు నష్టము చిన్నది కాదు.

ఇతర దేశములలో ఈ సమస్యను ఎట్లు పరిష్కరించిరో గమనింపదగియున్నది. ఇంగ్లండులో 1996 నాటి ఉద్యోగహక్కుల చట్టము ప్రకారము, పనివాడు తన హక్కులను వదలుకొను ఒప్పందమునకు పూర్వము స్వతంత్రుడైన సలహాదారుని సలహా పొందియుండవలెను. ఆ సలహాదారుడు సాధారణముగా సొలిసిటరు. అతని పేరు ఒప్పందములోనే ఉండవలెను. సలహా లేని ఒప్పందము ఆ హక్కులను బంధింపదు. సొలిసిటరు రుసుమును యజమానియే చెల్లించుట అచ్చటి వాడుక. ఆలోచించుటకు కనీసము పది దినములైనను ఇవ్వవలెనని అచ్చటి ప్రభుత్వ మధ్యవర్తిసంస్థ సూచించినది. అమెరికాలో నలువది ఏండ్లు దాటిన ఉద్యోగి వయోవివక్షను గూర్చిన తన హక్కును వదలుకొను పత్రమునకు 1990 నాటి శాసనము 21 దినముల గడువును, సంతకము చేసిన పిమ్మట మనసు మార్చుకొనుటకు మరి ఏడు దినములను ఇచ్చినది. పొట్టు తీయు తల్లికి అట్టి గడువును ఏ శాసనమును ఇచ్చుటలేదు. ఆ గడువును ఆమెయే తీసుకొనవలెను. "ఇంట్లో చూపించి రేపు తెస్తాను బాబూ" అను ఒక్క మాటయే ఆమెకు పదిదినముల చట్టము.

ఒప్పందమే చెడ్డదని ఇందువలన భావింపరాదు. ఒప్పందమును గొప్పగా విశ్వసించిన మహనీయుడు ఈ ప్రాంతమునకు సంబంధించినవాడే. వరాహగిరి వేంకటగిరిగారు 1894లో బరంపురమున జన్మించి, ఐర్లండులోని డబ్లిన్ నగరమున న్యాయశాస్త్రమభ్యసించి, బెంగాల్-నాగపూర్ రైల్వే కార్మికులకు నాయకులైరి. 1952 ఎన్నికలలో పాతపట్నము నుండి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మికమంత్రియైరి. నౌపడా నుండి టెక్కలి, పాతపట్నముల మీదుగా పర్లాకిమిడికి పోవు రైలుమార్గమున నేటికిని ఆ ఊరి స్టేషను కనిపించును. వివాదములను ప్రభుత్వము బలవంతముగా తీర్పులకు పంపుటకంటె, ఇరుపక్షములు ఎదురెదురుగా కూర్చుండి తేల్చుకొనుట మేలని ఆయన వాదించిరి. ఆ వాదమునకు గిరి విధానమని పేరు వచ్చినది. బ్యాంకు ఉద్యోగుల విషయమున ట్రైబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము సవరించుటకు నిరసనగా 1954లో ఆయన మంత్రిపదవిని విడిచిరి. ఎదురెదురుగా కూర్చుండుటలోనే ఆయన విధానముయొక్క రహస్యమున్నది. ఒకని ప్రక్క న్యాయవాదియు, గుమాస్తాయు, లెక్కల పుస్తకమును ఉండగా, రెండవ ప్రక్కన అక్షరము రాని ఒంటరి స్త్రీ నిలుచున్నచో అది ఎదురెదురుగా కూర్చుండుట కాదు.

ఈ అసమానతను ఉన్నత న్యాయస్థానములును గుర్తించినవి. కలకత్తాలోని ఒక ప్రభుత్వ జలరవాణా సంస్థకు సంబంధించి బ్రజనాథ గంగూలీ కేసున 1986లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. మూడు నెలల నోటీసు ఇచ్చి, కారణము చూపక, ఉద్యోగిని తొలగింపవచ్చునను నిబంధనను ఆ కోర్టు కొట్టివేసినది. బేరమాడు శక్తిలో ఇరుపక్షములకు గొప్ప అంతరమున్నపుడు, బలహీనుడు వేరుదారి లేక అంగీకరించిన అన్యాయపు షరతు ప్రజాహితమునకు విరుద్ధమని నిర్ణయించినది. సంతకమున్నది గావున షరతు న్యాయమైనదేయను వాదము అన్నివేళల నిలువదని ఈ తీర్పువలన తేలుచున్నది. అయితే ఆ ఉద్యోగులు సుప్రీంకోర్టు వరకు నడువవలసివచ్చిన సంగతిని మరువరాదు.

ఇక సలహాదారుని వెదకు విధము. సొలిసిటరను మాట పట్టణపు పత్రికలలో కనబడుచుండును. ఇంగ్లండులో సలహా చెప్పువాడు సొలిసిటరు. న్యాయస్థానమున వాదించువాడు బారిస్టరు. పూర్వము మద్రాసు, కలకత్తా హైకోర్టులలోను అట్టి భేదముండెను. శ్రీకాకుళము జిల్లా పల్లెలకు తెలిసినది ప్లీడరుగారే. 1961 నాటి అడ్వకేట్ల చట్టము ఈ తరగతులనన్నిటిని కలిపి, న్యాయవాది యను ఒకే వర్గమును ఏర్పరచినది. కావున సలహాకొరకు సొలిసిటరును వెదకి విశాఖపట్టణమునకో, హైదరాబాదునకో పోనక్కరలేదు. టెక్కలి, సోంపేట, పలాస, ఇచ్ఛాపురములలో న్యాయస్థానములున్నవి. వాటి ఆవరణలలోనే న్యాయవాదులు దొరకుదురు.

ఫీజు ఎట్లు ఇచ్చుకొందుమను భయమే పేదవారిని మొదట ఆపును. ఆ భయమునకు సమాధానము చట్టములోనే ఉన్నది. 1976లో నలుబది రెండవ సవరణము ద్వారా, పేదరికమువలన ఎవరికిని న్యాయము తప్పిపోరాదను సూత్రము రాజ్యాంగమున 39-ఎ అధికరణముగా చేరినది. దానిని ఆచరణలో పెట్టుటకు 1987లో న్యాయసేవల అధికారసంస్థల చట్టము చేయబడి, 1995 నవంబరు 9న అమలులోనికి వచ్చినది. ఉచిత న్యాయసహాయమునకు అర్హులెవరో ఆ చట్టములోని 12వ సెక్షను చెప్పును. అందులో స్త్రీలున్నారు. షెడ్యూల్డు కులములవారు, తెగలవారు ఉన్నారు. పారిశ్రామిక కార్మికులున్నారు. తుపానులవంటి విపత్తులకు గురియైనవారున్నారు. వికలాంగులున్నారు. వీరికి ఆదాయముతో నిమిత్తము లేదు. ఇతరులకు మాత్రము ఆదాయపు పరిమితి కలదు. పొట్టు తీయు తల్లి స్త్రీయగుటవలన ఒకమారును, కార్మికురాలగుటవలన మరియొకమారును అర్హురాలు. ఈ సంగతి ఎరుగనివారు ఊరూరను ఉన్నారు.

ఈ సహాయమును కోరుటకు శ్రీకాకుళమున జిల్లా న్యాయసేవల అధికారసంస్థ ఉన్నది. న్యాయస్థానములున్న ఊళ్లలో మండల న్యాయసేవల సంఘములున్నవి. తెల్లకాగితముపై అర్జీ వ్రాసి ఇచ్చిన చాలును. వ్రాయలేనివారు నోటితో చెప్పినను అచ్చటివారు వ్రాసికొందురు. 15100 అను సంఖ్యకు ఫోను చేసినను దారి చెప్పుదురు. ఈ సంఖ్య దేశమంతట ఒక్కటే. ఉద్దానమునుండి చెన్నపట్టణమునకో, గుజరాతునకో పనికై వలసపోయినవారు అచ్చటనే లెక్క తేల్చుకొనవలసివచ్చినచో, ఊరికి తిరిగివచ్చు రైలెక్కకముందే ఈ సంఖ్యను ఉపయోగించుట మంచిది. ఊరు చేరిన పిమ్మట అక్కడి యజమానిని వెదకుట కష్టము.

సొంతముగా న్యాయవాదిని పెట్టుకొనదలచినవారు కొన్ని సంగతులను ముందే అడిగి తెలిసికొనవలెను. మొదటిది: కార్మికుల వ్యవహారములను పూర్వము ఎప్పుడైనను చూచియున్నారా? భూమి తగాదాలలో దిట్టయైన ప్లీడరు గ్రాట్యుటీ లెక్కలలో కూడ దిట్ట కానక్కరలేదు. రెండవది: ఆ ఫ్యాక్టరీకిగాని, దాని యజమానికిగాని ఆయన పని చేయుచున్నారా? యజమాని తానే ఒక ప్లీడరును చూపి, ఆయననడుగుడని చెప్పినచో మర్యాదగా తప్పించుకొనుట మేలు. ఒకే మనిషి రెండు పళ్లెములను పట్టి తూచలేడు. మూడవది: ఫీజెంత? పత్రము చదివి సలహా చెప్పుటకెంత, నోటీసు పంపుటకెంత, కేసు నడుపుటకెంత అని వేరువేరుగా అడుగవలెను. వచ్చిన సొమ్ములో ఇంత భాగము ఇమ్మని న్యాయవాది ఒడంబడిక చేసికొనరాదని బార్ కౌన్సిలు నియమములు నిషేధించుచున్నవి. నాలుగవది: సలహా చెప్పినంతమాత్రమున వకాలతుపై సంతకము చేయనక్కరలేదు. వకాలతు కేసు నడుపుటకు ఇచ్చు అధికారము. దానిని చదివించుకొని, తెలిసికొని, పిమ్మట ఇవ్వవలెను.

ప్లీడరుగారియొద్దకు వట్టిచేతులతో పోరాదు. ఒప్పందపత్రము నకలును అడిగి తీసికొనవలెను. నకలు ఇయ్యనిచో, ఆ పత్రమును సెల్‌ఫోనులో ఫోటో తీసికొనవలెను. అదియు వీలుకానిచో చదివించి ముఖ్యమైన మాటలను గుర్తుంచుకొనవలెను. కూలి చీట్లు, తూకపు పుస్తకము, హాజరు కార్డు, బ్యాంకు పాసుబుక్కు, ప్రావిడెంటు ఫండు సంఖ్య, వైద్యుని చీట్లు ఒక సంచిలో పెట్టుకొనవలెను. కాగితము లేనివారు పనిలో చేరిన సంవత్సరమును, కలిసి పనిచేసినవారి పేర్లను వ్రాయించుకొని పోవలెను. ఎనిమిది సంవత్సరములు పనిచేసితినని చెప్పుట సులభము, చూపుట కష్టము. చూపుటకు తోడ్పడు ప్రతి చీటియు విలువైనదే. ప్లీడరుగారితో దాపరికము పనికిరాదు. అడ్వాన్సు తీసికొనినను, కొన్ని నెలలు పని మానినను చెప్పవలెను. కక్షిదారు చెప్పిన రహస్యమును బయట పెట్టరాదను విధి న్యాయవాదికి చట్టమువలననే ఉన్నది.

ఇచ్చట ఒక విశేషమును గుర్తింపవలెను. వివాదము కార్మికశాఖవారి రాజీ అధికారి యెదుటికి పోయినపుడు, అచ్చట ఏ పక్షమునకును న్యాయవాది హాజరు కారాదు. 1947 చట్టమున ఉండిన ఈ నియమము కొత్త కోడ్‌లోను ఉన్నది. ట్రైబ్యునలు ముందు కూడ ఎదుటి పక్షము అంగీకరించి, ట్రైబ్యునలు అనుమతించిననే న్యాయవాది వాదింపవచ్చును. రాజీ అధికారియొద్ద పనివాని పక్షమున సంఘపు నాయకుడు మాటలాడవచ్చును. 1940 మార్చిలో అఖిలభారత కిసాన్ మహాసభ జరిగిన పలాసకు సంఘబలమనగానేమో వేరుగా చెప్పనక్కరలేదు. అయితే నాయకుడైనను చట్టము తెలిసియే కూర్చుండవలెను. కావున న్యాయవాది సలహాను ముందుగానే పొంది, ఏ పద్దునకు ఎంత అడుగవలెనో ఒక చీటిమీద వ్రాసికొని రాజీకి పోవుట ఉత్తమము.

రాజీ అధికారియెదుట కుదిరిన ఒప్పందమునకును, ఫ్యాక్టరీ గదిలో కుదిరిన ఒప్పందమునకును గొప్ప భేదమున్నది. గదిలోని ఒప్పందము సంతకము చేసినవారినే కట్టివేయును. రాజీ అధికారియెదుట కుదిరినది ఆ సంస్థలోని పనివారినందరిని, తరువాత చేరబోవువారిని కూడ కట్టివేయును. కావున నలుగురి పక్షమున సంతకము చేయు నాయకుని బాధ్యత అధికము. లోక్ అదాలత్‌లో కుదిరినది మూడవ రకము. దానికి సివిలు కోర్టు డిక్రీతో సమానమైన విలువ కలదు. దానిపై అప్పీలు లేదు. సొమ్ము త్వరగా వచ్చుట దాని లాభము. తిరుగుదారి లేకుండుట దాని బరువు. అచ్చటను సంతకమునకు ముందే సలహా కావలెను.

కాలహరణము కూడ ప్రమాదకరమే. తొలగింపబడిన పనివాడు వివాదము లేవనెత్తుటకు పాత చట్టమున 2010 సవరణవలన మూడు సంవత్సరముల గడువుండెను. కొత్త కోడ్‌లో అది రెండు సంవత్సరములే. బాబు మంచివాడు, తరువాత పిలిచి ఇచ్చునులే యని కూర్చుండి గడువు దాటినవారికి ఏ ప్లీడరును చేయగలిగినది స్వల్పము.

ఇంత చెప్పుటవలన యజమాని శత్రువని అర్థము కాదు. పలాసలోని జీడిపప్పు వ్యాపారులలో చిన్న పెట్టుబడితో, అప్పు తెచ్చి పిక్కలు కొని, ధర పడిపోయినపుడు నష్టపోవువారు కలరు. నిజముగా సొమ్ము లేని యజమాని వాయిదాలమీద ఇచ్చుటకు ఒప్పుకొనవచ్చును. వివాదమున్న పద్దులో పనివాడు కొంత తగ్గుటయు తప్పు కాదు. ట్రైబ్యునలుకై విశాఖపట్టణమునకు సంవత్సరముల తరబడి తిరుగుటకంటె, నేడు చేతికందు న్యాయమైన మొత్తము మేలు కావచ్చును. కాని తగ్గుట వేరు, తెలియక పోగొట్టుకొనుట వేరు. 1,12,400 రూపాయలు రావలసియున్నవని ఎరిగి 90,000 లకు అంగీకరించిన తల్లి బేరము చేసినది. ఎరుగక 25,000 తీసికొనిన తల్లి మోసపోయినది. మంచి యజమానికి కూడ సలహా పొందిన పనివానితో చేసికొన్న ఒప్పందమే క్షేమము. అది రేపు కోర్టులో కూలిపోదు.

ఈ పనిలో గ్రంథాలయమునకు గల స్థానమును చెప్పి ప్రసంగమును ముగించుట ఉచితము. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశపు గ్రంథాలయముల ప్రతినిధులు సభ తీర్చిననాటినుండి, పల్లెటూరి గ్రంథాలయములలో ఒకరు పత్రిక చదువుచుండ పదిమంది వినుట ఆచారమైనది. చదువువచ్చినవాని కన్ను చదువురానివానికి దీపమైనది. అదే ఆచారమును ఒప్పందపత్రములకు కూడ వర్తింపజేయవచ్చును. పత్రము తెచ్చినవారికి ఒక యువకుడు దానిని నిదానముగా రెండుమార్లు చదివి వినిపింపవలెను. రాజీనామా అను మాట ఉన్నచో అచ్చట ఆగి, అది నిజమేనా యని అడుగవలెను. లెక్క వ్రాయవలెను. తీర్పు చెప్పరాదు; న్యాయసేవల సంఘమునకు దారి చూపవలెను. అట్టి పనికై పారాలీగల్ వాలంటీర్లను తయారుచేయు పద్ధతి న్యాయసేవల సంస్థకు ఉన్నది. గ్రామములలో న్యాయసహాయ కేంద్రములను నెలకొల్పుటకు 2011లో జాతీయసంస్థ నిబంధనలను చేసినది. గ్రంథాలయములో ఒక బల్ల, రెండు కుర్చీలు, వారమునకొక సాయంకాలము ఇచ్చుటకు సిద్ధమని తీర్మానించి, అట్టి కేంద్రమునకై జిల్లా అధికారసంస్థకు అర్జీ పెట్టుట రజతోత్సవమునకు తగిన కార్యము. తలుపు ప్రక్కన గోడపై 15100 అను అంకెలను పెద్దగా వ్రాయించుటకు అర్జీ కూడ అక్కరలేదు. ఒక డబ్బా రంగు చాలును.

ఆ సాయంకాలము గుమాస్తా కాగితమును బల్లమీద నుంచినపుడు ఆ తల్లికి తోడుగా గదిలో ఎవరును ఉండరు. తోటి పనివారు ఇంటికి పోయియుందురు. "రేపు తెస్తాను బాబూ, మా లైబ్రరీలో సదివించుకుని ఒస్తాను" అని చెప్పుటకు ఆమెకు ఒక చోటు ఉన్నదా లేదా అనునదే ప్రశ్న. ఆ చోటు ఈ గ్రంథాలయము కావలెనని కోరుచు, ఈ ప్రసంగము ముగింపబడుచున్నది.